గోదావరి డెల్టాలో పాత ఆల్టో: ఇంజన్ కన్నా ముందు రేకు చూడండి

లక్ష రూపాయలకు అటూ ఇటూగా కారు కావాలంటే రావులపాలెం నుంచి నరసాపురం దాకా ఏ షెడ్డులో అడిగినా ముందు చూపించేది పాత ఆల్టోయే. 2000లో మార్కెట్లోకి వచ్చి, 2012లో ఆల్టో 800 దిగేదాకా నడిచిన మొదటి తరం బండి ఇది. 796 సీసీ, మూడు సిలిండర్లు, ఐదు గేర్లు, 12 అంగుళాల చక్రాలు. స్పేర్లు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి, ఊళ్లో ఏ మేస్త్రీకైనా దీని ఇంజన్ కొట్టినపిండి. కాలవ గట్టు మీద ఎదురుగా ట్రాక్టరు వస్తే పక్కకి ఒదిగిపోయేంత చిన్న బండి. తిన్నగా తోలితే లీటరుకు 15 నుంచి 18 కిలోమీటర్లు ఇస్తుంది.

ఇవన్నీ అందరికీ తెలిసినవే. మన ప్రాంతంలో ఈ బండి కొనేవాళ్లు మోసపోయేది మాత్రం ఇంజన్ దగ్గర కాదు, రేకు దగ్గర. ఇంజన్ పాడైతే ఇంత ఖర్చని మేస్త్రీ లెక్క కట్టి చెప్పగలడు. తుప్పు రేకుని తినేసిన బండికి ఆ లెక్క ఉండదు. ఒకచోట అతుకు వేయిస్తే ఆరు నెలల్లో పక్కన ఊడుతుంది. అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా తీరం పొడవునా ఉప్పుగాలి. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువులు, రోడ్డంతా ఉప్పునీళ్లు కార్చుకుంటూ పోయే ఐసు వ్యాన్లు. దానికితోడు ఏడాదిలో సగం రోజులు ఆరని చెమ్మ. అందుకే తీరాన అరవై వేల కిలోమీటర్లు తిరిగిన బండి కన్నా రాజమండ్రిలో లక్షా ఇరవై వేలు తిరిగిన బండి మంచిదయ్యే సందర్భాలు చాలా ఉంటాయి. మీటరు చూసి మురిసిపోవద్దు.

రేకు చూడటానికి పెద్ద పనిముట్లు అక్కర్లేదు. ఒక టార్చి, ఒక చిన్న అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవరు, పరుచుకోవడానికి ఓ గోనె పట్టా చాలు. బండి పగటిపూట, ఒళ్లు ఆరి ఉన్నప్పుడు చూడాలి. అప్పుడే కడిగి తెచ్చిన బండి మీద లప్పం పగుళ్లు, రంగు తేడా కనపడవు. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి వెనక చక్రాల పైన వంపు మీద, తలుపుల కింది అంచు మీద, రన్నింగ్ బోర్డు (తలుపుల కింద రెండు చక్రాల మధ్య ఉండే రేకు పట్టీ) పొడవునా నడిపించండి. గట్టిగా పట్టుకుంటూ వచ్చి ఒక్కసారిగా జారిపోయిందంటే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. అరచెయ్యంత అయితే ఫరవాలేదు, బేరంలో తగ్గించుకోవచ్చు. రన్నింగ్ బోర్డు మొత్తం లప్పమే అయితే ఆ బండి వదిలేయండి.

తర్వాత లోపలికి రండి. డ్రైవరు కాళ్ల కింద రబ్బరు మ్యాటు తీసి, దాని కిందున్న కార్పెట్ కూడా పైకెత్తండి. మడమ ఆనే చోట నేల రేకుని స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే గట్టిది. గుల్లగా, తడిసిన అట్ట మీద కొట్టినట్టు వినపడితే తుప్పు పొరలు కట్టిందని అర్థం. అక్కడ గుచ్చితే మొన దిగబడిపోవచ్చు, కాబట్టి గుచ్చేముందు యజమానిని అడగండి. డిక్కీలో స్టెప్నీ తీసి దాని గుంట చూడండి. వెనక డోరు రబ్బరు పాడైతే వాన నీళ్లు చేరేది అక్కడికే.

ఇక అసలు పరీక్ష జాకీ. బండితో వచ్చిన జాకీని కంపెనీ వాళ్లు గుర్తు పెట్టిన చోటే, అంటే రన్నింగ్ బోర్డు కింద గాడి ఉన్న అంచుకే ఆనించి, చక్రం రెండంగుళాలు లేచేదాకా తిప్పమనండి. నాలుగు మూలలా చూడాలి. అంచు నలక్కుండా బండి లేస్తే ఒళ్లు గట్టిదే. కరకరమంటూ అంచు పైకి మడతపడితే ఇంక ఇంజన్ కూడా చూడక్కర్లేదు. ఎత్తి ఉన్న బండి కిందకి మాత్రం ఎవరూ దూరకూడదు. అడుగు భాగం చూడాలంటే సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించి చూడండి. వాళ్లకి నూరో రెండొందలో ఇస్తే పోయేదేం లేదు. ర్యాంపు మీద ఉండగానే ముందు క్రాస్ మెంబరు (బండి అడుగున అడ్డంగా ఉండే దిమ్మ), లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండికి పట్టి ఉంచే చెయ్యి) బిగించే చోట్లు, బ్రేకు పైపులు, వెనక యాక్సిల్ చివర్లు చూడండి. అడుగంతా కొత్తగా నల్లరంగు కొట్టి మెరుస్తుంటే సంతోషించొద్దు, ఆ రంగు కింద ఏముందో గోకి చూడండి.

బానెట్ ఎత్తి ముందు షాక్ అబ్జార్బర్లు పైన బిగించే టవర్లు చూడటం మర్చిపోకండి. బ్యాటరీ కింద ట్రే కూడా. యాసిడ్ చిందిన బండ్లలో అక్కడి రేకు చిల్లులు పడి ఉంటుంది. మడ్‌గార్డుల బోల్టులకి రంగు చెదిరి స్పానరు గుర్తులు ఉంటే ఆ మడ్‌గార్డు ఎప్పుడో ఊడదీసినదే. అద్దాల మూలల్లో అచ్చు వేసిన గుర్తులు చూడండి. అన్నింటి మీదా ఒకే తయారీ గుర్తు ఉండి ఒక్కదాని మీద వేరేది ఉంటే, ఆ వైపు దెబ్బ తగిలిందేమో అడగాలి.

కోనసీమ బండి అయితే టాపు విడిగా చూడాల్సిందే. కొబ్బరి చెట్టు కింద నిలిపిన కారు మీద కాయ పడితే టాపులో గుంట పడుతుంది. టింకరింగ్ చేయించి, లప్పం పెట్టి, రంగు కొట్టేస్తారు. ఎండలో పక్కనుంచి చూస్తే అల కనపడుతుంది. గుంట వల్ల ప్రమాదమేమీ లేదు, కానీ ఆ లప్పం పగిలి సందులోకి నీళ్లు దిగితే లోపలి గుడ్డ పైకప్పు మురిగిపోతుంది.

వరద బండ్ల సంగతి వేరే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి గోదావరి వచ్చినప్పుడు లంకలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే నీళ్లలో ఉన్నాయి. అలాంటి చోట మునిగిన బండ్లు శుభ్రం చేసుకుని తర్వాత ఎక్కడైనా అమ్మకానికి రావచ్చు. సీటు బెల్టుని చివరిదాకా లాగండి. కడిగినవాడు ఎంత జాగ్రత్తపరుడైనా రీలు లోపలి బెల్టు కడగడు, బురద చార అక్కడే ఉండిపోతుంది. సీటు కింది పట్టాలు, స్ప్రింగులు తుప్పు పట్టాయా, హెడ్‌లైటు లోపల మట్టి గీత ఉందా, ఫ్యూజుల పెట్టెలో పచ్చగా చిలుం పట్టిందా చూడండి. ఏసీ వేసి అద్దాలు ఎత్తి ఐదు నిమిషాలు కూర్చుంటే ముక్కుకే తెలిసిపోతుంది. గుప్పున సెంటు వాసన కొట్టినా అనుమానించండి. ఈ ఇంజన్ కంప్యూటరు మీద నడిచేది. ఆ పెట్టె డాష్‌బోర్డు కింద ఉంటుంది. నీళ్లు అంతదాకా వెళ్లిన బండి ఈరోజు నడిచినా రేపు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.

ఇంజన్‌కి వద్దాం. బండి చూడటానికి వస్తున్నామని చెప్పినప్పుడే, మేం వచ్చేదాకా స్టార్టు చేయొద్దండీ అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి వేసి చూడండి. వేడిగా ఉంటే మళ్లీ పొద్దున్నే వెళ్లడం మంచిది. చల్లటి ఇంజన్ స్టార్టు చేసినప్పుడు మొదటి పది సెకన్లు వెనక ఒక మనిషి నిలబడాలి. నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు పోయినట్టు, తోలుతున్నంతసేపూ నీలమే వస్తే పిస్టన్ రింగులు పోయినట్టు. తెల్లపొగ ఆగకుండా వస్తూ, రేడియేటరులో నీళ్లు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్. ఆయిల్ పోసే మూత తిప్పి లోపల మీగడలాంటి తెల్లటి జిగురు ఉందేమో చూడండి. మూడు సిలిండర్ల ఇంజన్ కాబట్టి ఐడిల్‌లో కొంచెం వణకడం దాని పుట్టుక గుణం, దానికి కంగారు పడొద్దు. స్టీరింగూ అద్దాలూ కలిసి దడదడలాడితే ఇంజన్ మౌంటింగులు పోయినట్టు. మేస్త్రీ దగ్గర గేజు ఉంటే కంప్రెషన్ (సిలిండర్లలో ఒత్తిడి) పట్టించండి. మూడింటిలో ఒకటి మిగతావాటికన్నా 15 పీఎస్‌ఐకి మించి తగ్గితే బేరం అక్కడే ఆపొచ్చు.

డెల్టాలో రేడియేటరు ఒక ప్రత్యేక అధ్యాయం. ఇంజన్ చల్లారాక మూత తీసి చూస్తే కూలెంటు రంగు తేటగా ఉండాలి. చాలా బండ్లలో ఉండేది కూలెంటు కాదు, బోరు నీళ్లు. తీరం వెంబడి బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి కాగీ కాగీ లోపల తెల్లటి పొలుసు కడతాయి, అల్యూమినియం సిలిండర్ హెడ్డుని కొరుక్కుతింటాయి. నీళ్లు ఇటుకరంగులో ఉంటే రేడియేటరు, వాటర్ పంపు ఖర్చు ధరలోంచి ముందే తీసేయండి. ఏసీ వేసి పావుగంట నిలబెట్టండి. రేడియేటరు ఫ్యాను దానంతటదే తిరగాలి, ఇంజన్ వేడి చూపే ముల్లు సగానికి దగ్గర్లో ఆగాలి. ఫ్యానుకి విడిగా స్విచ్చి పెట్టి ఉంటే అసలు సెన్సారో వైరింగో పోయిందన్నమాట.

టైమింగ్ బెల్టు (ఇంజన్ వాల్వులని సమయానికి తిప్పే రబ్బరు పట్టీ) ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. సుమారు లక్ష కిలోమీటర్లకి అయినా, ఏళ్లు గడిచి రబ్బరు పగిలినా మార్చాల్సిందే. తెగితే బండి ఉన్నచోటే ఆగిపోతుంది.

మన దగ్గర కొండల్లేవు. క్లచ్‌ని చదునైన రోడ్డు మీద పరీక్షిస్తే ఏమీ తెలియదు. బండిని ఏటిగట్టు ఎక్కే ర్యాంపు దగ్గరకి తీసుకెళ్లండి, లేదా సిద్ధాంతం, జొన్నాడ వంతెనల ఎత్తుకి. నలుగురిని కూర్చోబెట్టి మూడో గేరులో ఎక్కించి యాక్సిలరేటరు నొక్కండి. ఇంజన్ అరుపు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగిపోయింది. అదే ర్యాంపు మీద న్యూట్రల్‌లో హ్యాండ్‌బ్రేకు వేసి ఆగుతుందో లేదో చూడండి. చెమ్మకి కేబులు బిగుసుకుపోయిన బండ్లు చాలా ఉంటాయి. ఖాళీ జాగాలో స్టీరింగు పూర్తిగా ఒక పక్కకి తిప్పి గుండ్రంగా తోలితే కటకటమని వినిపించేది యాక్సిల్ జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి మట్టి దూరడమే కారణం. స్పీడు బ్రేకరు దగ్గర టక్కుమంటే లోయర్ ఆర్మ్ బుష్‌లు. యాభై దాటాక గూమని హోరు వస్తే చక్రం బేరింగు. మూడు నుంచి రెండుకి దించేటప్పుడు గేరు గరగరలాడితే గేర్‌బాక్సు విప్పాలి, ఈ ధర బండికి ఆ ఖర్చు గిట్టదు. ఒక పక్క కాలవ, ఒక పక్క చెరువు ఉండే రోడ్ల మీద స్టీరింగులో ఆట ఉండకూడదు. బండి ఆగి ఉన్నప్పుడు చక్రం కదలకుండా స్టీరింగు రెండు వేళ్ల వెడల్పు కన్నా ఎక్కువ తిరిగితే రాక్, జాయింట్లు చూపించండి.

ఆల్టోలో ఎల్ఎక్స్‌ఐ రకం తీసుకుంటే పవర్ స్టీరింగు కరెంటుతో నడిచేది. తాళం తిప్పగానే మీటర్ల దగ్గర దాని ఈపీఎస్ దీపం వెలిగి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. తాళం తిప్పినా దీపం వెలగకపోతే బల్బు పీకేశారేమో చూడాలి. ఎల్ఎక్స్ రకంలో ఏసీ ఉంటుంది, పవర్ స్టీరింగు ఉండదు. ఊళ్లో తిరగడానికి అదే మేలు, పాడయ్యే వస్తువు ఒకటి తక్కువ. ఏసీ మాత్రం మే నెల ఉక్కలో పెద్ద బండి ఏసీలా పనిచేస్తుందని ఆశించొద్దు.

సార్వా, దాళ్వా కోతలయ్యాక చేలల్లో ఎలుకలు ఇళ్ల మీద పడతాయి. షెడ్డులో నిలబెట్టి ఉంచిన బండిలో ఇంజెక్టర్ల వైర్లు, ఫ్యూజు పెట్టె వెనక కట్టలు, ఏసీ బ్లోయరు సందు టార్చి వేసి చూడాలి. టేపు చుట్టిన వైర్లు నాలుగైదు కంటే ఎక్కువ కనపడితే మిగతావి కూడా అతుకులే అయ్యుంటాయి. వరిగడ్డి ఆరబెట్టిన రోడ్ల మీద తిరిగిన బండికి యాక్సిళ్ల చుట్టూ, సైలెన్సరు పైన గడ్డి చుట్టుకుని ఉంటుంది. కొన్న రోజే అది పీకించండి. సైలెన్సరు వేడికి గడ్డి అంటుకుంటే ఆర్పేలోపు బండి మిగలదు.

కాగితాల దగ్గర తొందరపడితే రేకు చూసిన కష్టమంతా వృథా. ఆర్‌సీలో పేరు, ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిచూడండి. కేంద్ర రవాణా శాఖ వారి ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్సు, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషన్ గడువు చూడండి. ఫైనాన్సు చూపిస్తుంటే ఫైనాన్సు కంపెనీ ఇచ్చిన ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం), సంతకంతో ఫారం 35 (అప్పు తీరిందని చెప్పేది) చేతికొచ్చేదాకా డబ్బు మొత్తం ఇవ్వొద్దు. పేరు మార్పుకి ఫారం 29, ఫారం 30. రాష్ట్రంలోపలే అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాలి. ఓపెన్ సంతకాలు (ఖాళీ ఫారాల మీద సంతకాలు) పెట్టించుకుని, పేరు మార్చుకోకుండా నెలల తరబడి బండి తోలితే ఇద్దరికీ ముప్పే. ఆర్‌సీలో పేరున్న మనిషే ప్రమాదానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్సు మార్పుకి 14 రోజుల గడువు ఉంటుంది.

నంబరు ప్లేటు కూడా చాలా చెబుతుంది. ఏపీ 05 ఉమ్మడి తూర్పుగోదావరి, ఏపీ 37 ఉమ్మడి పశ్చిమ గోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చింది, అంతకుముందు జిల్లాకో నంబరు కాబట్టి ఆ పాత నంబర్లున్న బండ్లు ఇక్కడే పుట్టినవి. పీవై 04 అంటే యానాం. ఎదుర్లంక వంతెన దాటితే కనపడే ఊరే అయినా అది పుదుచ్చేరి రిజిస్ట్రేషన్. అక్కడి ఎన్‌వోసీ తెచ్చి, మన రాష్ట్రంలో లైఫ్ టాక్సు కట్టి, కొత్త నంబరు తీసుకోవాలి. బండి 12 నెలలు మించి ఇక్కడే ఉంచుకుంటే కొత్త నంబరు తప్పనిసరి. హైదరాబాదు, ఢిల్లీ బండ్లకీ ఇదే దారి. ఢిల్లీలో 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు ఉండటంతో అవి చవగ్గా వస్తాయి, పొడి వాతావరణం కాబట్టి రేకు కూడా బాగుంటుంది. టాక్సు, రవాణా కలిపి లెక్కేస్తే మాత్రం చవక కాస్తా మిగలకపోవచ్చు.

మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే. తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, బండిని తనిఖీకి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి కారుకి ఈ రుసుము 600 నుంచి 5,000 రూపాయలయింది. 20 ఏళ్లు దాటితే 2025 ఆగస్టు నుంచి 10,000. హరిత పన్ను అదనం. కాబట్టి 2011 బండి లక్షకీ, అప్పుడే ఐదేళ్లు పొడిగించిన 2009 బండి తొంభై వేలకీ వస్తుంటే, రెండూ ఒకేలా ఉన్నప్పుడు రెండోదే లాభం.

బేరానికి కూర్చునేటప్పుడు చేతిలో ఒక చీటీ ఉండాలి. టైర్లు 145/80 ఆర్ 12, నాలుగూ కలిపి పన్నెండు వేల చిల్లర. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 1419 అంటే 2019లో 14వ వారం. ఆరేళ్లు దాటితే గాళ్లు ఎంత లోతుగా ఉన్నా మార్చాల్సిందే. బ్యాటరీ నాలుగు వేల దగ్గర, క్లచ్ సెట్టు కూలితో ఐదారు వేలు, టైమింగ్ బెల్టు సెట్టు కూలితో మూడు వేల దాకా. ఊరిని బట్టి అటూ ఇటూ అవుతాయి, మీ మేస్త్రీని అడిగి సరిచేసుకోండి. "డాక్టరు గారి బండండీ, సింగిల్ హ్యాండు" అని బ్రోకరు ఎంత తియ్యగా చెప్పినా చీటీలో ఉన్నది ఒక్కొక్కటే చదివి తగ్గించమనండి. ఏ షెడ్డులోనైనా ఈ పద్ధతి పనిచేస్తుంది, ఎందుకంటే అవన్నీ వాళ్లకీ తెలిసిన ఖర్చులే.

బండి తెచ్చుకునే రోజు పొద్దున్నే బయల్దేరండి. ఇన్సూరెన్సు అమల్లో లేకపోతే కనీసం థర్డ్ పార్టీ తీసుకున్నాకే రోడ్డెక్కాలి. అమ్మకం కాగితంలో తేదీతోపాటు గంట కూడా రాయించండి, ఆ గంటకి ముందు పడిన చలానాలు వాళ్లవి. అసలు ఆర్‌సీ, రెండో తాళం అడిగి తీసుకోండి. స్టెప్నీలో గాలి, జాకీ, పానా ఉన్నాయో చూసి, ఐదు లీటర్ల మంచినీళ్లు, లీటరు ఇంజన్ ఆయిల్, నాలుగు ఫ్యూజులు డిక్కీలో పెట్టుకోండి. మొదటి పది కిలోమీటర్లు యాభైలో తోలి ఆగండి. కింద ఏమైనా కారుతుందా, ఏ చక్రమైనా మిగతావాటికన్నా వేడిగా ఉందా, పెట్రోలు వాసన వస్తోందా చూసుకుని మళ్లీ కదలండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లాలంటే అప్పుడే కొన్న బండిని మొదటిరోజే పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కించొద్దు. రేవు వాలులో హ్యాండ్‌బ్రేకూ క్లచ్చూ రెండూ నమ్మకంగా ఉండాలి. చించినాడ వంతెన మీదుగా వెళ్లడం మేలు.

మొదటి నెలలో ఇంజన్ ఆయిల్, ఫిల్టరు (మూడు లీటర్ల డబ్బా ఒకటి సరిపోతుంది), బ్రేకు ఆయిల్, బిల్లు లేకపోతే టైమింగ్ బెల్టు. రేడియేటరు కడిగించి అసలైన కూలెంటు పోయించండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి తయారైనప్పుడు దాన్ని దృష్టిలో పెట్టుకోలేదు. పెట్రోలు రబ్బరు గొట్టాలు గట్టిపడి పగుళ్లు కనపడితే వెంటనే మార్పించండి.

ఇదే డబ్బుకి ఇంకేం వస్తాయంటే, మారుతి 800 ఇంకా చవక, లోపల ఇరుకు. కొంచెం ఎక్కువ పెట్టగలిగితే 2010లో వచ్చిన ఆల్టో కే10 మంచి ఎంపిక. 998 సీసీ, టైమింగ్ బెల్టు బదులు చైను, వంతెన ఎక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. పాత శాంట్రో లోపల విశాలంగా, కూర్చోవడానికి సుఖంగా ఉంటుంది, స్పేర్లకి మాత్రం కాకినాడ, రాజమండ్రి తిరగాల్సి రావచ్చు. ఒక్క విషయంలో ఆల్టోని మెచ్చుకోలేం. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు బండిని ఢీకొట్టించి చేసిన భద్రతా పరీక్షలో దీని తర్వాతి తరమైన ఆల్టో 800కే పెద్దల రక్షణలో సున్నా స్టార్లు వచ్చాయి. రేకు తిన్న పాత బండి అంతకన్నా బలహీనం. హైవే మీద రోజూ తిరిగేవాళ్లు, పిల్లల్ని ఎక్కించుకుని దూరాలు వెళ్లేవాళ్లు వేరే బండి చూసుకోవాలి. ఊరికీ టౌనుకీ మధ్య తిరిగేవాళ్లకి ఇది చాలు.

తుప్పు పట్టకుండా అడుగున కోటింగ్ కొట్టించాలంటే ఏప్రిల్, మే నెలల్లోనే. వానాకాలంలో కొట్టిస్తే చెమ్మ లోపలే చిక్కుకుని రేకుని ఇంకా తొందరగా తింటుంది. ముందు ర్యాంపు మీద ఒత్తిడి నీళ్లతో కడిగించి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి, పాత తుప్పు వైరు బ్రష్‌తో గోకించి, ప్రైమరు వేయించాకే కోటింగ్. తలుపుల కింద, రన్నింగ్ బోర్డు కింద నీళ్లు పోయే చిన్న కన్నాలు ఉంటాయి. కోటింగ్ కొట్టేవాళ్లు వాటిని మూసేయకుండా దగ్గరుండి చూసుకోండి.